హీరోయిన్ చెప్పనన్న డైలాగు

అమెరికాలోని ప్లేనోలో ఓ అపార్ట్‌మెంట్ పార్కింగ్ లాట్. ఫ్రెండ్స్ అంతా కలిసి తీస్తున్న చిన్న సినిమాకి ఆ మధ్యాహ్నం చివరి సీను. హీరోయిన్ స్క్రిప్టు మడిచి దర్శకుడి చేతిలో పెట్టేసింది.

“హీరో ప్రపోజ్ చేస్తే నేను యెస్ చెప్పను.”

“ఎందుకు? హీరో రెండేళ్లు ఆమెని ఆఫీస్‌కి డ్రాప్ చేశాడు, రెజ్యూమె దిద్దాడు. మంచోడు కదా!”

“రైడ్ ఇస్తే థాంక్స్ చెప్తారు. ప్రేమించాలా?”

“ఇది నా కథ. నాకు తెలుసు.”

“అయితే నిజంగా ఆమె ఏమంది?”

దర్శకుడు కెమెరా లెన్సు తుడవడం మొదలుపెట్టాడు.

“నో అంది.”

“ఆ తర్వాత కూడా డ్రాప్ చేశావా?”

“లేదు. నంబర్ బ్లాక్ చేశాను.”

“మరి నీ మంచితనం ఏమైపోయింది?”

అతని చెవులు వేడెక్కాయి. కెమెరా ఆన్ చేశాడు.

“సరే, నువ్వు నో చెప్పు. వాడు బ్లాక్ చేయడం కూడా తీద్దాం.”