ఆయన అడిగిన జాగ

“అమ్మమ్మా, గుడి ముందట పెద్ద ఫాదర్ సమాధికి అందరు పూలేస్తాండ్రు. నువ్వెందుకు ఎయ్యవే?”

ఎయ్య. ఎందుకెయ్యాలె? ఆ నల్లరాయిని జూస్తెనే కడుపు మండుతది నాకు. కూసో, చెప్త.

మీ తాత కరోనల పాయె గదా. అప్పుడు నువ్వు ఏడో క్లాసు... కాదు, ఎనిమిదో, ఏదో ఒకటి తియ్యి. శవాన్ని వరంగల్ దవాఖాన నుంచి బండిల తెచ్చి, సమాధుల తోట గేటు కాడ దించి పోయిండ్రు. మీ మామ తొర్రూర్ల ఇర్కపోయిండు, బస్సుల్లేవు. గొయ్యి తవ్వేటోడు రానన్నడు. గుడి పెద్దలు ఒక్కలన్న తలుపు తియ్యలే. ఒక్కదాన్ని, ఎవలిని పిలువాలె చెప్పు?

పెద్ద ఫాదరే వచ్చిండు. డెబ్బై ఏండ్ల మనిషి. తెల్లంగీ నడుముకు చెక్కుకొని గడ్డపార పట్టిండు. “నువ్వు మట్టెత్తమ్మా” అన్నడు, గంతే. వాగు దిక్కు మూలకు, మన కూలోళ్ల సమాధుల నడుమ తవ్వినం ఇద్దరం, పొద్దు గూకెదాక. ఆయన చేతులు బొబ్బలెక్కినయ్.

మట్టి కప్పి, జపం చెప్పి, ఆన్నే కూలవడ్డడు. జరన్ని నీళ్లు తాగి, “అమ్మా, నేను పోతే నన్ను గూడ ఈన్నే పెట్టాలె, ఈయన పక్కకు. రాయి గీయి వద్దు” అన్నడు. మీకేంది ఫాదర్, నూరేండ్లుంటరు అన్న. “అట్ల గాదు, మాటియ్యి” అన్నడు. ఇచ్చిన.

రెండేండ్లాయె ఆయన పోయి. గుడి పెద్దలు మీటింగ్ వెట్టిండ్రు. గడప కాడ నిలవడి చెప్పిన, నన్ను గిట్లడిగిండయ్యా అని. “గా మూలకా, కూలోళ్ల నడుమనా? ఫాదరంటే మనకెంత గౌరవం! నువ్వు ఊకో అవ్వా” అన్నరు. ఆనాడు తలుపు తియ్యనోళ్లే బిడ్డా, గౌరవం మాట్లాడిండ్రు! నేను ఊకున్న. ఇంకోసారి గట్టిగ అనాలె గదా? అనలే. ఆ బాధ ఇంక పోలే.

గుడి ముందట్నే పెట్టిండ్రు ఆయనను. ఇగ నల్లరాయి, సుట్టు ఇనుప జాలి, దానికి తాళం. సమాధుల పండుగ నాడు కొవ్వొత్తి పట్కపోతే, “బయట్నే వెట్టి పో” అన్నడు తాళంచెవి పట్టుకున్నోడు. పెద్ద ఫాదర్ ఉన్నన్నాళ్లు ఆయనింటికి గొళ్లెం వెట్టంగ జూడలే నేను.

మీ తాత పక్కన ఆ జాగ అట్లనే ఉన్నది. గడ్డి నేనే పీకుత. నిరుడు అండ్ల ఎవలినో పెడ్తమంటే కొట్లాటకు పోయిన. గప్పుడు గట్టిగనే అరిసిన. రేపు నేను పోతే నన్ను గూడ అండ్ల పెట్టకుర్రి, మీ మామకు చెప్పిన, నీకూ చెప్తాన. మీ తాతకు ఇంకో దిక్కు పెట్టుర్రి. అది పెద్ద ఫాదర్ జాగ.

సల్లగుండు బిడ్డా. పో, కాలేజీకి టైమైతాంది. ఎవలికన్న మాటిస్తే మాత్రం... నాలెక్క ఊకోకు.