గ్లౌజుల ముడి

ఇంఫాల్‌లో ఆడపిల్లల బాక్సింగ్ ఫైనల్ అప్పుడే ముగిసింది. బట్టలు మార్చుకునే గదిలో చెల్లెలు పళ్లతో గ్లౌజు లేసు లాగుతోంది. కోచ్‌గా రింగు పక్కనుండి, ఆట మధ్యలో ఓటమి ఒప్పుకుంటూ రింగులోకి తువ్వాలు విసిరి ఆట ఆపించిన అక్క ఎదురుగా నిలబడి ఉంది.

"చెయ్యి ఇటివ్వు, విప్పుతాను."

"నువ్వు ముట్టుకోకు. ఇంకొక్క నిమిషం ఆగి ఉంటే గెలిచేదాన్ని."

"ఆ పిల్ల ఎటునుంచి కొడుతోందో కూడా నీకు తెలియట్లేదు."

"నీకు తెలిసిందా, ఆ ఒంటికంటితో?"

"తెలిసింది. పళ్లతో లాగకు, ముడి ఇంకా బిగుసుకుంటుంది."

"అయితే కత్తెర తెచ్చి కోసెయ్."

"కొయ్యను."

"లేసు మీదున్న జాలి నా మీద లేదు నీకు."

"వాగింది చాలు, కూర్చో."

"ఇంట్లో అమ్మ ఎరోంబా వండుకుని ఎదురుచూస్తోంది. ఆట ఆపించింది నువ్వేనని నువ్వే చెప్పు."

"చెప్తాలే. అమ్మ నన్నేమీ అనదు."

"ఎందుకంటుంది? నువ్వేం చేసినా ఒప్పే. కన్ను పోయిన రోజు నువ్వు మాత్రం చివరిదాకా ఆడావు. నిన్నెవరూ ఆపలేదు."

"ఆపలేదు."

"మరి నేనెందుకు సగంలో గ్లౌజులు విప్పుకోవాలి? నువ్వు ఆట మొత్తం అయ్యాకే కదా విప్పించుకున్నావు."

"నావి ఎవరూ విప్పలేదే. నువ్వప్పుడు చిన్నదానివి. స్పృహ లేకుండా పడుంటే ఆస్పత్రిలో కత్తెరతో కోశారు. పక్కనే నిలబడి అమ్మ చూసింది."

చెల్లెలు లేసును నోట్లోంచి వదిలేసింది.

"నాకు కోపం పోలేదు."

"పోనక్కర్లేదు."

"ముందు కుడిది విప్పు."