మూడు మూరల కాడ ఎర్ర గుడ్డ

ఆ తాడు పారెయ్యబాకు తల్లీ. ఇట్ల తే... మెల్లగా, పీలికలు ఊడిపోతయ్. క్రిస్మసుకు సున్నం వెయ్యాల, దూలానికి యాలాడేవన్నీ దించమని నేనే అన్నా, నిజమే, అది మాత్రం గాదు. అది మా అత్త ఎలీషబమ్మది. మీ తాతకు అమ్మ. ఏంది, తాడుకు ఈ గుడ్డ పీలికలేందంటావా? నవ్వు, నవ్వు. దయ్యం పట్టినోళ్ళకు కట్టే తాడు మాదిరి ఉంది గదా? నువ్వు బడిలో పిల్లోళ్ళకు లెక్కలు చెప్తావు, ఇదీ ఒక లెక్కే, కూర్చో చెప్తా. సున్నం యాడికి పోతది, నానుతా ఉంటదిలే. ఏం నతానియేలూ, పక్కింటోడివి, గడపలో నిలబడి ఆలకిస్తావేందిరా, లోపలికి రా. మీ ఆడోళ్ళను గూడా పిలువు. ఒకరికి చెప్పేదానికంటే పదిమందికి చెప్తేనే నాకు నోరు తిరిగేది.

అప్పుడు మనది కర్నూలు జిల్లా, మద్రాసు సర్కారు. ఇంగ్లండు రాజుగారి పట్టాభిషేకమని బడిలో మిఠాయి పంచినారే, ఆ ఏడే నా పెండ్లి. యర్రగొండపాలెం అవతల అడివి అంచున మా పుట్టిల్లు. ఈ పాలేనికి కోడలిగా వచ్చేసరికి నాకు పదహారో, పదిహేడో. ఇండ్లు నలభై, బావి ఒకటే. ఊళ్ళో మూడు మంచినీళ్ళ బావులుండేవి గానీ వాటిలో మన చేద పడగూడదు. ఎవరూ చెప్పే పని గూడా లేదు, పుట్టిన బిడ్డకు గూడా తెలుసు. ఈ బావి మనోళ్ళు తవ్వుకున్నది. ఏడు మట్ల లోతు, అంటే ఏడుగురు మనుషుల్ని ఒకరి భుజాల మీద ఒకర్ని నిలబెట్టినంత అనుకో. ఆ నీళ్ళు నాలుక మీద పడితే చల్లగా, రవ్వంత తీపిగా... ఇప్పుడు తలుచుకున్నా నాకు నోరు ఊరుతది. మిషను దొర వచ్చినాడంటే గుర్రం దిగి ముందు అదే అడిగేవాడు. 'ఎలీషబా, కొంచం నీల్లు ఇవ్వుము' అనేవాడు పాపం, అదే ఆయన తెలుగు. ఆయన వస్తుండాడంటే ముందురోజు కాడ్నుంచే ఎవరూ బావిలో చేద వెయ్యరు. నీళ్ళు కదలకుండా ఊరి, తేరుకుని, అద్దం మాదిరి ఉండాల. దొర రెండు చెంబులు తాగి, మూతి తుడుచుకుని, స్తోత్రం అన్నాకే మనం తోడుకునేది. అదీ మర్యాద. ఈ మాట మనసులో పెట్టుకో, మళ్ళీ దీని కాడికే వస్తా.

మా అత్త బక్కపల్చటి మనిషి. గొంతు మాత్రం, అబ్బా! గుడి గంట పగిలిపోతే రెండేండ్లు ఆమే గంట. 'లేవండే, ప్రభువు పిలుస్తుండాడు, నా గొంతుకే లేవకపోతే ఆయన గొంతుకేం తట్టుకుంటారు' అని వీధంతా తిరిగేది. చదువొచ్చిన ఆడమనిషి పాలెంలో ఆమె ఒకతే.

ఆఁ, గని. పాలేనికి తూర్పున పలకల గని పడింది. గుత్తదారు మార్కాపురం నుంచి వచ్చినాడు, పేరెందుకులే, పోయినోడు. మంచి రాయి. ఉలి పెట్టి తడితే అప్పడాల మాదిరి రేకులు రేకులుగా లేచేది. మా మామ శాంతయ్య దాంట్లో మేస్త్రి. పాలెంలో సగం ఇండ్లకు ఆ గనే కూడు పెట్టేది, అబద్ధమెందుకు చెప్పాల? అయితే లోతుకు పోయేకొద్దీ గనిలో నీళ్ళు ఊరినై. రాయి తియ్యాలంటే నీళ్ళు తియ్యాల గదా. రెండు జతల ఎద్దుల్తో కపిలి కట్టించి, తోలు బానల్తో పొద్దంతా తోడి వాగులోకి వదిలేవాళ్ళు. అక్కడ గని ఆరేకొద్దీ ఇక్కడ మన బావి దిగుతుండె. 'వానల్లేవు, అందుకే' అన్నారు మొగోళ్ళు. మా అత్త నమ్మలే. ఆదివారం ఆదివారం, పొద్దున అందరూ తోడుకున్నాక, ఆరాధన అయినాక, ఈ తాడు కొసకు రాయి కట్టి బావిలోకి వదిలేది. రాయి అడుగు తగిలినాక పైకి లాగి, తడి ఎందాక ఉందో అక్కడ తన పాత తెల్లకోక చింపి పీలిక కట్టేది. చూడు, ఇది మొదటిది, రాయికి నాలుగు మూరల పైన. ఇట్ల దిగుతా, దిగుతా... ఇదో, చివరిది, రాయికి జానెడు. ఆ జానెడు నీళ్ళు నలభై ఇండ్లకు.

గని పర్మిట్టు ఏడాదికొకసారి తాలూకా కచేరీలో ఇచ్చేవాళ్ళు. దానికి ముందు మన పంచాయతీ బోర్డు ప్రెసిడెంటు కాగితం రాయాల, చుట్టుపక్కల బావులకు ఇబ్బంది లేదని. ప్రెసిడెంటు రంగనాయకులు. చెడ్డోడు గాదమ్మా. కానీ బావి చూడాలంటే పాలెంలో అడుగు పెట్టాల. వాళ్ళ నాయన పెట్టలే, వాళ్ళ తాత పెట్టలే, ఈయనెందుకు పెడతాడు? ఊళ్ళో అరుగు మీద కూర్చునే రెండేండ్లు రాసిచ్చినాడు. మా అత్త పోయి వీధిలో నిలబడి అడిగింది. 'అయ్యా, మా బావి చూడకుండానే బాగుందని రాసినారంటనే.' ఆయన తమలపాకు నములుతా, 'బావి యాడికి పోతది ఎలీషబా, ఉన్నచోటనే ఉంటది' అన్నాడు. 'బావి ఉందయ్యా, నీళ్ళే పోయినై' అనింది. ఇంక ఆయన నమిలేది ఆపినాడంట.

ఇంటికొచ్చి తాసిల్దారుకు అర్జీ రాసింది తల్లీ, తన చేత్తోనే. మామ ఒకటే అరుపులు. 'నా ఉలి నేనే అమ్ముకోమంటావా? గని మూస్తే మన్ను తింటామా?' అని. ఆమె అరవలే. 'మూయమని ఎవరు రాసినారు? చదువుతా, కూర్చుని విను. పడమటికి, మన బావి దిక్కుకు తవ్వొద్దని రాసినా. తోడిన నీళ్ళు వాగులోకి గాకుండా మన బావి పక్కన గుంటలోకి మళ్ళించమని రాసినా. నీ ఉలి నీకుండాల, నా కడవ నాకుండాల.' మామ అలిగి రెండు పూటలు తినలే. మూడో పూట సంగటి వాసనకు లొంగినాడు.

ఒక మంగళవారం కబురొచ్చింది, గురువారం తాసిల్దారు బావి చూడ్డానికొస్తుండాడని. ఆ వారం మా అత్త గిద్దలూరులో స్త్రీల ప్రార్థన కూటానికి పోయింది, గురువారం మధ్యాహ్నానికి తిరిగొస్తానని. కబురు వినంగానే పాలెం ఆడోళ్ళంతా నా మొహం చూసినారు. అత్త లేదు, కోడలే పెద్ద గదా! నాకెంత గర్వమో. అన్నా గదా... ఏమన్నానో చెప్పనా? 'అంత పెద్ద మనిషి మన గుమ్మంలోకొచ్చి దాహమంటే బురదనీళ్ళిస్తామా? మిషను దొరకు చేసినట్టే చేద్దాం' అన్నా. బుధవారం తెల్లారంగానే, బావికుండే ఒకే ఒక్క చేద తీసుకుపోయి మా ఇంట్లో దాచిపెట్టినా. కృష్ణమ్మక్క ఒకతే అనింది, 'అది గాదే, ఆయనొచ్చేది నీళ్ళు లేవని చూడ్డానికి గదా' అని. 'నీకు మర్యాద తెలీదులే అక్కా' అన్నా. నవ్వొద్దు. అప్పుడు ఎవరూ నవ్వలే, అందరూ తలూపినారు. మన పాలేనికి వచ్చిన పెద్ద మనిషంటే మాకు తెలిసింది మిషను దొర ఒక్కడే. ఆ తాసిల్దారు మన చెంబు ముట్టుకోడని గూడా తోచలే ఎవరికీ. రోజున్నర ఎండు గొంతుల్తో ఉన్నారు తల్లీ. కడవల అడుగున ఉన్నదేదో చంటిబిడ్డలకు పోసినారు.

గురువారం మధ్యాహ్నం జట్కా దిగినాడు తాసిల్దారు. అరవం దిక్కు మనిషి, తెలుగు నమిలి నమిలి మాట్లాడేవాడు. వెనక గుత్తదారు. దూరంగా, తుమ్మచెట్టు కింద కండువా ముక్కుకడ్డం పెట్టుకుని రంగనాయకులు. అప్పుడే మా అత్త గూడా దుమ్ముకాళ్ళతో నేరుగా బావి కాడికొచ్చింది. చెవిలో ఒక మాట చెప్పే యాళ కూడా దొరకలే. తాసిల్దారు వంగి చూసినాడు. బావి నిండా ఆకాశం! 'ఏమమ్మా, నీల్లు బాగానే ఉందే?' అన్నాడు. గుత్తదారు పకపకా నవ్వి, 'ఈతలు కొట్టొచ్చు దొరా' అన్నాడు. అప్పుడు తెలిసింది నాకు నేనేం చేసినానో. ప్రభువా, ఈ బావిలోనే పడతా అనుకున్నా.

మా అత్త గట్టెక్కింది. తాడు తెప్పించి, వదిలింది, లాగింది. మూడు మూరల తడి. పక్కన నేను నిలబడి ఉన్నా, పెండ్లి కోక కట్టుకుని, ఎర్రది, తాసిల్దారొస్తుండాడని గదా. నా కొంగు పట్టుకుని సర్రున చింపి, ఆ మూడు మూరల కాడ కట్టింది. తాసిల్దారు విడ్డూరంగా చూసి, 'నీ అర్జీకి నువ్వే ఎదురుసాక్ష్యం కడుతున్నావే!' అన్నాడు. ఆమె అనింది, 'ఉన్న నీళ్ళు గదా దొరా. దేవుడు చూస్తుండంగా తక్కువైనప్పుడే కట్టి ఎక్కువైనప్పుడు ఎట్ల మానేది? అయితే ఈ నీళ్ళు మా బావివి గాదు, మా గొంతులవి. మీకియ్యాలని మావోళ్ళు తాగకుండా దాచినట్టుండారు. ఒక్కసారి ఇండ్లలోకొచ్చి కడవలు చూడండి.'

ఆయన వచ్చినాడు తల్లీ! వొంగి వొంగి మన గుడిసెల్లోకి దూరినాడు. మొదటిల్లు, కడవ బోర్లించితే చుక్క రాలలే. రెండో ఇల్లు, మూడో ఇల్లు. ఒక ఇంట్లో చంటిది ఖాళీ చెంబులో చెయ్యి పెట్టి నాకుతుండె. అక్కడ ఆగినాడు. తిరిగొచ్చి, 'తోడండి' అన్నాడు. ఇంటికి పరిగెత్తి చేద తెచ్చినా. తోడినాం. ముప్పై ఆరో కడవకు బురద. నలభై ఇండ్లు గదా, నాలుగిండ్లకు బురద గూడా చాల్లే. అప్పుడు తుమ్మచెట్టు దిక్కుకు తిరిగి, 'ప్రెసిడెంటుగారూ, ఇట్ల రండి. ఇంత దగ్గర ఉన్న బావి మీకు కనపల్లేదా?' అన్నాడు. పాలెం మట్టి మీద ఆ ఇంటోళ్ళ మొదటి అడుగు అది.

పర్మిట్టు ఇచ్చినారు, గని మూయలే. కానీ పడమటికి తవ్వగూడదు, తోడిన నీళ్ళు మన గుంటకే రావాల, నెల నెలా ప్రెసిడెంటు దగ్గరుండి ఈ తాడు వేయించి చూసినాకే సంతకం పెట్టాల. మొదట్లో రంగనాయకులు ఆ ఎర్రమన్ను కాలికంటకుండా ఎగిరెగిరి వచ్చేవాడు, కొంగ మాదిరి. ఏడాది తిరిగేసరికి గట్టు మీదనే కూర్చుని, 'ఏం ఎలీషబా, మీ దేవుడు ఈ నెల ఎన్ని మూరలిచ్చినాడు?' అనేవాడు. 'మీ సంతకానికి ఎంత సిగ్గుంటే అంతయ్యా' అనేది. ఆయనా నవ్వేవాడు. మనుషులమ్మా, వాళ్ళూ మనుషులే.

నన్నొక్క మాట అనలే ఆమె. ఎవరు చేసినారని గూడా అడగలే. కానీ ఆ సాయంత్రం ఆమె కోక ఉతుకుతుంటే రొంటిన ముడి దొరికింది. విప్పితే తెల్ల పీలికలు, చింపి సిద్ధంగా పెట్టుకున్నయ్. అయినా నా కొంగు చింపింది! ఆమెకు తెలుసు. ఇరవై ఏండ్లు, తాడు లాగినప్పుడల్లా ఈ ఎర్ర గుడ్డ చేతికొస్తే నా గుండె జల్లుమనేది. ఇదే నాకు శిక్ష అనుకున్నా. ఆమె మంచాన పడినాక ఇంక ఆగలేక, కాళ్ళ కాడ కూర్చుని, 'అత్తా, ఆ పొద్దు చేద దాచింది నేనే' అన్నా. కండ్లు తెరవకుండానే నవ్వింది. 'తెలుసులేవే పిచ్చిదానా. ఆ పొద్దు జానెడు నీళ్ళే ఉంటే ఆయన వానల్లేవని గట్టు మీదనే రాసుకుని పోయేవాడు. నీ మర్యాద వల్లే గదే మన ఇండ్లలోకొచ్చింది' అనింది. అని... ఇంక కండ్లు తెరవలే.

...

ఏం చూస్తావు? లే. తాడు యథాప్రకారం దూలానికి కట్టు, ఎర్ర గుడ్డ పైకి కనపడేటట్టు. కడవలో నీళ్ళున్నయ్యేమో చూడు పో, నతానియేలుకు ముందియ్యి.