ముప్ఫయ్యొక్క చేపలు

ఫిజీ రాజధాని సువాలో యూనివర్సిటీ లైబ్రరీ మెట్లు. పొద్దున పదిన్నర. వాన ఆగీ ఆగకుండా పడుతోంది.

"వండలేదు బావా! ఒట్టు. ఒక్క అంకె కూడా నేను వండలేదు."

"మరి సియోసైయా సారు ఎర్రసిరాతో రాసిందేమిటి మిలీ? చదవనా? 'మిలియాకెరె, ఈ అంకెలు ఊళ్ళోంచి వచ్చినట్టు లేవు, వంటింట్లోంచి వచ్చినట్టున్నాయి. సాయంత్రం నాలుగింటికి నా గదికి వచ్చి సంజాయిషీ చెప్పు...'"

"గట్టిగా చదవకు! ఆ టోంగా పిల్లలు వింటున్నారు."

"విననీ. పోయినేడు స్టాటిస్టిక్స్‌లో క్లాసు మొత్తానికీ మొదట వచ్చిన ఈ అపకుకి బావ పక్కన కూచున్నావని వాళ్ళకీ తెలియాలిగా."

"మొదలెట్టాడమ్మా."

"బావని బతిమాలుకునే పద్ధతి ఇదేనా?"

"బతిమాలడం ఎందుకు? రోటీ కొనిపెట్టాను. తిన్న నోటితో పని చెయ్యి."

"ఆ రోటీలో బంగాళదుంప ముక్కలు మూడంటే మూడు. మూడు ముక్కలకి ఎంత సలహా వస్తుందో అంతే వస్తుంది. ఇంకా కావాలంటే నా రగ్బీ జెర్సీ ఉతికిపెట్టాలి."

"దాన్ని ఉతకడం కాదు, పాతిపెట్టాలి. బావా, వేళాకోళం కాదు. నాలుగింటికి నేను సరిగ్గా చెప్పలేకపోతే దొంగలెక్కలని సున్నా వేస్తాడు. సున్నా వేస్తే సబ్జెక్టు పోతుంది. రెండోసారి పోతే స్కాలర్‌షిప్ పోతుంది. అది పోతే శుక్రవారం పడవెక్కి మన కందావు దీవికి వెళ్ళిపోవడమే. జీవితమంతా చాపలు అల్లుకోవడమే."

"రెండోసారా?"

"ఊఁ?"

"రెండోసారి అన్నావు. మొదటిసారి ఎప్పుడు పోయింది?"

"అన్నానా?"

"అన్నావు."

"పోయినేడు నువ్వు మొదట వచ్చావు చూడు, ఆ జాబితా. దాన్ని కింద నుంచి చదివితే నేనూ మొదటే."

"ఓరి దేవుడా! ఎన్ని వచ్చాయేంటి?"

"వాన జల్లు కొడుతోంది. ఇటు జరుగు."

"ఎన్ని మిలీ?"

"అడక్కు బావా. ఇంట్లో ఎవరికీ తెలీదు. బుబుకి అసలే తెలీదు. నీకు ఆవిడ అమ్మమ్మే గానీ నీవి సువా బతుకులు, ఏడాదికోసారి పండక్కి ఫోను చేస్తావు. నన్ను పెంచిందావిడ. 'నా మనవరాలు పెద్ద చదువు చదువుతోంది' అని చర్చిలో నిలబడి చెప్పుకుంటుంది. తెలిసిందంటే ఆవిడ మొహం నేను చూడలేను."

"సరే, అడగనులే. ఏడవకు. రోటీ తడిసిపోతుంది. ఆ కాయితాలిటియ్యి. ఏం ప్రశ్న ఇది? 'నిన్న మీ ఇంటివాళ్ళు ఎన్ని చేపలు పట్టారు?' నలభై ఇళ్ళు. బాగుంది, బుద్ధిమంతుల ప్రశ్న. సగటు అయిదున్నర. మధ్యగతం ఆరు. బహుళకం ఆరు. ప్రామాణిక విచలనం... ఇదేమిటి? ఒకటి కూడా లేదు?"

"సున్నా పాయింటు ఆరు ఎనిమిది. మూడుసార్లు చేశాను."

"లెక్క తప్పని కాదే. ఊరంతా అయిదు, ఆరు, ఆరు, అయిదు, ఆరు... ఇది చేపల లెక్కా, సైనికుల కవాతా? ఒకడికి వల నిండా పడాలి, ఒకడు ఖాళీ చేతుల్తో రావాలి, ఒకడి పడవ చిల్లుపడాలి. సముద్రం అందరికీ కొలిచి పంచిందా?"

"వాళ్ళు చెప్పిందే రాశాను."

"ఎంత ఎక్కువన్నా ఆరే. ఒక్కడూ ఏడు అనలేదు. ఎందుకని?"

"నాకేం తెలుసు?"

"ఇంటింటికీ నువ్వే తిరిగావా, ఎవరినైనా పంపావా?"

"నేనే తిరిగాను. ఈస్టర్ సెలవుల్లో, రెండు రోజులు. కాళ్ళు బొబ్బలెక్కాయి."

"మొదట ఎవరింటికి వెళ్ళావు?"

"ఇంకెవరింటికి? దొరగారింటికే. ఊళ్ళో ఏ పని మొదలెట్టినా యంగోనా వేళ్ళ కట్ట పట్టుకెళ్ళి దొరగారి ముందు పెట్టి అడగాలిగా. నువ్వు సువాలో పుట్టి అన్నీ మర్చిపోయావు."

"నేను మర్చిపోలేదు. చెప్పు. కట్ట పెట్టావు. తరవాత?"

"ఆ వేళ్ళు దంచి నీళ్ళలో కలిపారు. మొదటి చిప్ప దొరగారు తాగారు, అందరూ చప్పట్లు కొట్టారు. 'ఏం కావాలమ్మా' అన్నారు. యూనివర్సిటీ పని, ఇంటింటికీ చేపల లెక్క రాసుకోవాలి అన్నాను. 'మంచిది, మా ఇంటి నుంచే మొదలెట్టు. నిన్న ఆరు' అన్నారు."

"అందరి ముందూ?"

"అందరి ముందే. ఇంటికొకరు చొప్పున మగవాళ్ళంతా అక్కడే కూచున్నారుగా."

"ఆ తరవాత నువ్వు వాళ్ళిళ్ళకి వెళ్ళి, ఎన్ని పట్టారని అడిగావు."

"అవును."

"దొరగారు ఆరు అన్నాక."

"అవును. ఆ... అయ్యో."

"ఏడు అనే మగాడెవడే ఆ ఊళ్ళో?"

"అయ్యో అయ్యో. అందుకా! బావా, ఒకాయన అయిదే పట్టామన్నాడు, భోజనానికి కూచోబెట్టి నా ఒక్కదానికే మూడు వడ్డించాడు, కొబ్బరిపాలలో. వాళ్ళింట్లో తొమ్మిదిమంది. అందరూ తిన్నారు!"

"అప్పుడు అనుమానం రాలేదా?"

"చేప చాలా బాగుంది."

"నీ మొహం. ఇటు విను. ఒక ఇంటికి దొరగారికన్నా ఎక్కువ పడటానికీ పడకపోవడానికీ సమాన అవకాశం ఉందనుకో. బొమ్మా బొరుసా అన్నట్టు. దొరగారిని వదిలేస్తే ఈ కాయితంలో ముప్ఫై ఎనిమిది ఇళ్ళు. ముప్ఫై ఎనిమిదిసార్లు నాణెం ఎగరేస్తే ముప్ఫై ఎనిమిదిసార్లూ బొమ్మే పడటానికి సంభావ్యత ఎంతో తెలుసా? ఇరవై ఏడు వేల కోట్లలో ఒక వంతు. సారు వంటింట్లోంచి వచ్చాయి అనక ఏమంటాడు?"

"ఆగు. ఆగాగు. ఆ గుణకారం ఇక్కడ చెయ్యకూడదు."

"నాకే చెబుతున్నావా?"

"అవును, నీకే. అవి స్వతంత్ర ఘటనలైతేనే గుణించాలి. ఒక నాణెం ఏం పడిందో రెండోదానికి తెలియకూడదు. నా నాణేలన్నీ ఒకే చాప మీద కూచుని యంగోనా తాగాయి. మొదటి నాణెం ఏం పడిందో విని తరవాత పడ్డాయి. బావా, నేను నలభై ఇళ్ళు అడగలేదు. ఒక్క ఇల్లే నలభైసార్లు అడిగాను."

"ఆగు, మళ్ళీ చెప్పు. ఒక్క ఇల్లే నలభైసార్లా?"

"అవును. ఏం, తప్పా?"

"తప్పేం కాదు. క్లాసులో మొదట వచ్చినవాడికి ఇది ముందు తట్టలేదేమిటా అని చూస్తున్నాను. ఇదే వెళ్ళి సారుతో చెప్పు. అంకెలు నువ్వు వండలేదు, మర్యాద వండింది. నిన్ను గదిలోంచి గెంటడు, కాఫీ ఇచ్చి కూచోబెడతాడు. అవునూ, నలభై అన్నావు. ఇక్కడ లెక్కేస్తే ముప్ఫై తొమ్మిదే ఉన్నాయి."

"ఒకటి కొట్టేశాను."

"ఎందుకు?"

"మిగతావాటికి చాలా దూరంగా ఉంది. అది అసంగత విలువ. కొట్టెయ్యొచ్చుగా?"

"దూరంగా ఉందని కొట్టేస్తే అంగారకుణ్ణీ కొట్టెయ్యాలి. ఎంత అది?"

"ముప్ఫై ఒకటి."

"ముప్ఫయ్యొకటా! అందరూ అయిదూ ఆరూ అంటుంటే?"

"దాన్ని కలిపితే సగటు ఆరు దాటిపోతోంది బావా. ఊరి సగటు దొరగారికన్నా ఎక్కువైతే ఏం బాగుంటుంది?"

"దొరగారు సగటు చూస్తారా? ఆయనకి నీ బార్ గ్రాఫ్ పంపుతున్నావా? నువ్వూ వాళ్ళలాంటిదానివే. ఎవరిదా ఇల్లు?"

"ఎవరో... ఒక ముసలావిడ."

"పేరు లేదా?"

"ఉంది."

"మిలీ."

"మన బుబు."

"సొంత నాయనమ్మని గీత గీసి కొట్టేశావా?"

"డెబ్బై ఆరేళ్ళు బావా! మోకాళ్ళు పట్టేశాయి. దిబ్బ మీద కూచుని గేలం వేస్తుంది, అంతే. ముప్ఫై ఒకటి ఎక్కణ్ణుంచి వస్తాయి? మతి తప్పి ఏదో అందనుకున్నా."

"మతి తప్పింది నీకు. ఆలోచించు. ఊళ్ళో దొరకి భయపడని మనిషి ఎవరు? ఆయనకి చిన్నప్పుడు ముక్కు తుడిచిందెవరు? అందరూ ఆరు దగ్గర ఆగిపోతే, ఆగాల్సిన పనిలేని ఒక్క మనిషి నిజం చెప్పింది. నీ నలభై అంకెల్లో నిజమైనది అదొక్కటే. దాన్నే కొట్టేశావు. అసంగత విలువ కనబడితే ముందు కొట్టెయ్యకూడదు, వెళ్ళి దాన్ని అడగాలి. ఫోను తియ్యి."

"ఇప్పుడా?"

"నాలుగయ్యాకా? తియ్యి. స్పీకరు పెట్టు."

"ఏం అడగను?"

"నిజంగా అన్ని పట్టావా అని. ఆవిడ అవునంటే అదే నీ వ్యాసానికి చివరి పేరా. సారు చప్పట్లు కొడతాడు. మోగుతోంది, మోగుతోంది..."

"బులా! ఎవరదీ? తొందరగా చెప్పండి, చాప సగంలో ఉంది."

"బుబూ, నేను, మిలిని."

"మిలీ! తిన్నావా?"

"తిన్నాను. బుబూ, పక్కన అపకుకి బావ ఉన్నాడు."

"ఏ అపకుకి? ఆ సువా పిల్లాడా? బతికే ఉన్నాడా? పోయిన క్రిస్మస్‌కి ఫోను రాకపోతే, వాడికి నా నంబరు పోయిందో, నాలిక పోయిందో అనుకున్నా."

"నాలిక భద్రంగానే ఉంది అమ్మమ్మా. ఒక్క ముఖ్యమైన సంగతి అడగాలి."

"నేను అడుగుతా బావా. బుబూ, ఈస్టర్‌కి చేపల లెక్క రాసుకున్నాను చూడు, అప్పుడు అందరూ తగ్గించి చెప్పారా?"

"మరి హెచ్చించి చెబుతారా? దొర ఆరు అన్నాక ఏడనే ధైర్యం ఎవడికుంది? ఎదురింటి సెమేసా ఆ రోజు పందొమ్మిది పట్టాడు. నాకూ రెండిచ్చాడు."

"పందొమ్మిదా! నాతో ఆరే అన్నాడు!"

"ఆ ఏలియా మాత్రం, మీరంతా దొరగారూ దొరగారూ అంటారే, వాడు ఆ రోజు పడవే నీళ్ళలోకి దింపలేదు. నడుంనొప్పని పడుకున్నాడు. ఆ ఆరూ సెమేసా పంపినవే. అందరి ముందూ నువ్వు అడిగావు, పాపం, సున్నా అంటాడా? వాడి నోట్లోంచి ఆరు ఊడిపడింది."

"బావా, రాసుకుంటున్నావా?"

"చెయ్యి నొప్పెట్టేలా రాసుకుంటున్నా. అమ్మమ్మా, నువ్వు బంగారానివి. ఊరంతట్లో నిజం చెప్పింది నువ్వొక్కదానివే అని మిలికి పొద్దుటి నుంచీ చెబుతున్నాను. నువ్వు చెప్పిన అంకెని ఇది కొట్టేసింది, తెలుసా?"

"బావా!"

"కొట్టేసిందా?"

"బుబూ, అది... పొరపాటైంది. మళ్ళీ కలిపేస్తాను. నువ్వు ముప్ఫై ఒకటి పట్టానన్నావు. నిజమేగా?"

"ఉండు, చాప పక్కన పెట్టనీ."

"బుబూ? లైను ఉందా?"

"ఉంది. మిలీ, ఆ రోజు మన ఇంటికి ఎలా వచ్చావో గుర్తుందా? అప్పటికే అలిసిపోయి ఉన్నావు. గుమ్మంలో కూలబడి పుస్తకం తీశావు. 'నిన్న ఎన్ని చేపలు బుబూ' అన్నావు. ముప్ఫై ఒకటి అన్నాను. తలెత్తి నా మొహం చూస్తావేమోనని ఆగాను. రాసుకుని, 'వినాకా, థాంక్స్ బుబూ' అని పక్కింటికి లేచిపోయావు."

"ఎందుకు చూడాలి? అంటే... ఏమైంది?"

"క్రిస్మస్‌కి వచ్చినప్పుడు నీ సంచి ఎండలో పెట్టి దులిపాను. అడుగున నాలుగు మడతలు పెట్టిన కాయితం పడింది. పైన నీ పేరుంది. పక్కన వందకి ఇన్నని ఉంది."

"మిలీ? ఏమైంది? అమ్మమ్మ దేని గురించి..."

"నువ్వు ఊరుకో బావా. బుబూ, అప్పటి నుంచీ తెలుసా నీకు?"

"తెలుసు."

"మరి నన్ను ఎందుకు అడగలేదు?"

"అడిగితే ఏం చెబుతావు? నేను పెద్దదాన్నిగా. నాకు ఏది బాగుంటుందో అదే చెబుతావు. సెమేసా దొరకి చెప్పినట్టే. అందుకే ఆ కాయితంలోని నీ మార్కుల అంకెని నీ పుస్తకంలోనే రాయించి ఊరుకున్నా. ఎప్పటికైనా కూడికల్లో తగలకపోతుందా అని."

"చర్చిలో అందరికీ చెప్పుకున్నావు, మనవరాలు పెద్ద చదువు చదువుతోందని. కాయితం చూశాక కూడా చెప్పావు!"

"చదువుతున్నావుగా? మానేశావా?"

"మానలేదు."

"మరింకేం? సాయంత్రం మీ సారు దగ్గరికి వెళ్ళి, అందరం ఎలా అబద్ధం చెప్పామో ఉన్నదున్నట్టు చెప్పు. ఏలియా నడుంనొప్పి మాత్రం చెప్పకు, పరువు పోతుంది. ఈసారి ఎన్ని వచ్చినా ముందు నాకే ఫోను చెయ్యాలి. ఏడుస్తున్నావా?"

"లేదు. వాన."

"నాకు తెలుసులే ఆ వాన."

"నీకు కోపం లేదా బుబూ?"

"కోపమెందుకే పిల్లా? ముప్ఫై ఒకటంటే తక్కువా? నా డెబ్బై ఆరేళ్ళ బతుకులో ఒక్కనాడూ అన్ని చేపలు పట్టలేదే నేను!"