కుంకుడు రసంలో రెండు చుక్కల నూనె

ఈ రోజు ఫిబ్రవరి ఇరవై ఎనిమిది, శనివారం. తెల్లవారుతూనే నీళ్లు పట్టాను, మినప్పిండి రుబ్బాను, మా ఆయనకు పొద్దుటి షిఫ్టుకు క్యారేజీ కట్టాను, రెండు బకెట్ల బట్టలు ఆరేశాను, బీరకాయ కూర వండాను. మిగిలిన పని ఒక్కటే, ఈ మైకు ముందు నిలబడడం. (నవ్వులు)

అధ్యక్షులు, ఈ ప్రైమర్ కార్ఖానా యజమాని గురునాథరావు గారికి, ముందు వరుసలోని పెద్దలకు, చరోదా నుంచి రెండు ఆటోలు మారి వచ్చిన చుట్టాలకు, కుర్చీలు చాలక గుమ్మం దగ్గర నిలబడిపోయిన మేముండే క్యాంప్ 1 పేట స్నేహితులకు, ఈ రోజు రిటైరవుతున్న మా రోహిణి వదినకు నమస్కారాలు.

నేను ఇంటర్ దాకా చదివి ఇల్లు చూసుకుంటున్నదాన్ని. మా ఇంటికీ వదిన ఇంటికీ మధ్య ఒకటే గోడ. ఈ కార్ఖానా ల్యాబులో కెమిస్టుగా ఉన్న ఆవిడ నాలుగేళ్ల కిందట మా వంటింటి గుమ్మంలోకి వచ్చి, "దుర్గా, నీ కుంకుడు రసం ఎప్పుడు సేసినా ఒకేలాగుంటాది, నాకూ కాస్త సేసి పెట్టవా?" అంటే, తలంటుకోవడానికేమో అనుకున్నాను. (నవ్వులు) ఏమిటి వదినా? "కుంకుళ్లు కూడా తూకమేసీది" అంటోంది. అవును, వేస్తాను.

తర్వాత వివరంగా చెప్పింది. ఇనుముకు రంగు వేసే ముందు వేసే తొలిపూత ప్రైమర్. అందులో జింక్ ఆక్సైడ్ నానో పొడి కలిపితే తుప్పు ఆలస్యంగా పడుతుందట. కానీ ఆ రేణువు వెంట్రుక మందంలో వెయ్యో వంతు. అంత చిన్నవి కాబట్టి ఒకదానికొకటి అతుక్కుని, మజ్జిగపులుసులో శనగపిండిలా ఉండ కడతాయి, ఉండ కట్టిన పొడి పూతలో ఉన్నా లేనట్టే. కుంకుడులో నురగనిచ్చే పదార్థం ఒక్కో రేణువునూ చుట్టుకుని పక్కదానికి అంటనివ్వదు. ఇలా మొక్కల నుంచో సూక్ష్మజీవుల నుంచో వచ్చేవాటిని బయోసర్ఫాక్టెంట్లు అంటారు. డబ్బాల్లో కొనే మందు చేసే పని చెట్టు కాయతో చేయించాలని వదిన పట్టుదల.

తొమ్మిది బ్యాచ్‌లు బాగా వచ్చాయి. ఇబ్బందల్లా నురగతోనే. అది ప్రైమర్‌లోకి వెళితే పూతలో సూది బెజ్జాలు పడతాయి, అణిగేదాకా ఆగాల్సిందే. కిందటి జూలైలో పదో బ్యాచ్, ఒక పెద్ద షెడ్డు దూలాలకు. అది నచ్చితే కార్ఖానా అంతా ఇదే పద్ధతి. ఆ రోజు మా వంటింట్లో రసం పొంగి బకెట్ దాటింది. వదిన గడియారం చూసుకుని, "ఈ నురగ నా పేణం తీసేస్తంది" అంటూ బయటికి వెళ్లింది. పప్పు పొంగుతుంటే మనం ఏం చేస్తాం? (ఆడవాళ్ల వరుసల్లోంచి: "నూనె!") నేనూ అదే చేశాను. రెండు చుక్కలు. నురగ చచ్చింది, నేను సంబరపడ్డాను.

పదో బ్యాచ్ పూత గుంటలు గుంటలుగా విడిపోయింది. కాయ రోజుకోలా ఉంటుంది, నమ్మలేం అని కార్ఖానాలో ఈ పద్ధతి ఆపేశారు. వదిన రిపోర్టులో రాసింది ఒకటే వాక్యం: "కారణం తెలియలేదు, బాధ్యత నాది." నాకు నూనె సంగతి గుర్తే రాలేదు. పప్పులో వేసిన చుక్కను ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

పోయిన ఆదివారం వదిన, తన స్థానంలోకి వస్తున్న గౌరీదేవిని మా ఇంటికి తీసుకొచ్చింది. పకోడీలు పెట్టాను. "ఈ సేత్తో ల్యాబులో పూతేసి సూసే రేకు ముట్టకమ్మా, నూనె సోకితే ప్రైమర్ గుంటలడిపోద్ది" అంది వదిన. "ఏక్ బూంద్ భీ నహీ, మేడమ్? ఒక్క చుక్క కూడానా?" అని గౌరి నవ్వింది. నా చేతిలో జల్లిగరిటె ఆగిపోయింది.

వాళ్లు వెళ్లాక నా పనుల పుస్తకం తీశాను. జూలై పదిహేడు. రసం ఎనిమిది లీటర్లు, నురగ ఎక్కువ, నూనె రెండు చుక్కలు. చేతిరాత నాదే. నా తప్పు మోస్తూ వదిన ఏడు నెలలు తలదించుకుని కార్ఖానా గేటు దాటింది. ఇప్పుడు చెబితే గోడ అవతలి నుంచి పలకరింపు ఉంటుందా అని భయపడి రెండు రోజులు ఊరుకున్నాను. మూడో రోజు గౌరికి రెండు సీసాల రసం ఇచ్చాను, ఒకదానిలో నూనె వేసి, ఒకదానిలో వేయకుండా. అమ్మా గౌరీ, ఆ రెండు రసాలతో ప్రైమర్ కలిపి పూత వేసిన రేకులు పట్రా.

(గౌరీదేవి రెండు రేకులు తెచ్చింది.)

గురునాథరావు గారూ, చూడండి. నూనె పడినది గుంటలు. పడనిది నున్నగా ఉంది. తప్పు కాయది కాదు. వదినది అసలే కాదు.

(రోహిణి గారు వేదిక మీదకు వచ్చారు.)

"ఏటే దుర్గా, నా ప్రైమరు పప్పనుకున్నావేటి?" (నవ్వులు)

తిట్టు వదినా, మైకు ఇస్తాను.

"తిట్టడానికేటుంది? ఆ పొద్దు ఏటేసినావని నేనడగొద్దా? ఊరంతటినీ అడిగినాను, నిన్ను తప్ప."

అధ్యక్షుల వారు ఏదో అంటున్నారు... సోమవారం చిన్న బ్యాచ్ ఒకటి వేసి చూద్దామంటున్నారు, వారానికి రెండు పూటలు వదిన వచ్చి గౌరికి దగ్గరుండి చూపించాలట. (చప్పట్లు)

ఒక్క నిమిషం. ఆ రిపోర్టు కూడా గౌరి తెచ్చింది. వదిన రాసిన వాక్యం కొట్టేసి, జరిగింది రాసి, కింద నా పేరు పెట్టాను. ఇదిగో, గురునాథరావు గారు పక్కన సంతకం చేస్తున్నారు. ఓపికగా విన్న మీకందరికీ, ఇంకా నా చెయ్యి వదలని మా వదినకు కృతజ్ఞతలు. ఆవిడకు నేను పడిన బాకీ నేటితో చెల్లు. సెలవు.