దేవదారు పలక మీద చేప

హలో… ఆ, అక్కనే. చెప్పరా ఆండర్స్.

ఏం పనిలో లేను. కిటికీ దగ్గర కూర్చుని వాన చూస్తున్నా… సియాటిల్‌లో ఇంకేం చూస్తాం మరి!

ఏంటీ, మీ బావ భోజనానికి పిలిచాడా? రేపు రాత్రికా?… నాకు చెప్పనేలేదే. ఆగాగు — ఏం పెడతానన్నాడు?

సాల్మన్… తనే కాలుస్తానన్నాడా? దేవదారు పలక మీద?…

నవ్వకు. కోడిగుడ్డు కూడా ఉడకబెట్టని మనిషి. తన కంపెనీ ఇంకొకరి కంపెనీని కొనాలనుకుంటేనే నడుముకి ఏప్రన్ కట్టేది.

లేదురా, ఆఫీసు సంగతులు నాకు చెప్పడు. చెప్పినా నీకు చెప్పను. ఇది నా వంటింటి సంగతి.

దారులు చూపే ప్రోగ్రాం చేసిన గ్లెన్ గుర్తున్నాడా? మా పెరట్లోనే రెండు ముక్కలు తిన్నాడు. వేసవికల్లా వాళ్ళ బోర్డు దిగిపోయింది… ఆ, అమ్మేశాడు. పడవ కొనుక్కుని తిరుగుతున్నాడు.

ప్రిసిల్లా మాత్రం ముక్క ముట్టలేదు. ‘నా కంపెనీ అమ్మను’ అని సలాడ్ తిని వెళ్ళిపోయింది… ఏమవుతుంది! అచ్చం ఆవిడ ప్రోగ్రాం లాంటిదే మీ బావ వాళ్ళూ తయారుచేసి, కంప్యూటరుతో పాటు ఊరికే ఇచ్చేశారు. ఊరికే వస్తుంటే ఆవిడ దగ్గర ఎవరు కొంటారు?

అరవకు… అరవకురా. నీ కంపెనీ చేసిన మీటింగుల ప్రోగ్రాం నాకూ ఇష్టమే. మరి నీ భయం ఏంటి, పేరు పోతుందనా?…

ఊఁ… నీ దగ్గర పనిచేసేవాళ్ళనా. కొన్న మర్నాడే పంపించేస్తారని… అవును. గ్లెన్ దగ్గర పనిచేసినవాళ్ళని పంపించేశారు.

సరే, ఆ కాలిఫోర్నియా కంపెనీ వాళ్ళ మాటేంటి? పేరు వింటేనే మీ బావ పళ్ళు నూరుతుంటాడే, వాళ్ళు… వాళ్ళూ పిలిచారా! ఎప్పుడు?… రేపు మధ్యాహ్నమే? మరి?…

రానన్నావా! ఎందుకూ?… ‘వాళ్ళూ వీళ్ళూ ఒకటే’ అనా? ఒకటే కాబట్టే వెళ్ళాలి, వెర్రివాడా! ఒక్కరే అడిగితే వాళ్ళు చెప్పింది నువ్వు వినాలి. ఇద్దరు అడిగితే, ‘నా మనుషుల్లో ఒక్కరినీ తీసెయ్యకూడదు’ అని నువ్వు చెబుతావు, వాళ్ళు వింటారు.

ఇప్పుడే ఫోన్ చేసి వస్తున్నానని చెప్పు. శుభ్రంగా తిను. రాత్రి మా ఇంట్లో ఒక్క ముక్కతో సరిపెట్టు… మొహమాటమా? కడుపు నిండిందను, నిజమేగా.

మీ బావకి నువ్వేం చెప్పకు. ఆ మాట నేనే వేస్తాలే… అదిగో కారు. పెట్టెయ్యకు, వింటూ ఉండు.

— వచ్చావా వారెన్? బూట్లు అక్కడే విప్పు, నేల తుడిచాను… అబ్బో, చేప తెచ్చేశావా! ఎవరికి?… ఆ, ఆండర్స్ చెప్పాడులే. వాడికిదే ఎక్కువ. రేపు మధ్యాహ్నం ఎవరో విందుకి పిలిచారట… కాలిఫోర్నియా నుంచట… నాకేం తెలుసు? ఆఫీసు సంగతులు నేనెందుకు అడుగుతాను?…

వారెన్, ఇంత వానలో మళ్ళీ ఎక్కడికి?…

ఆండర్స్, ఉన్నావా? విన్నావుగా… ఆ, బూట్లు మళ్ళీ వేసుకుంటున్నాడు. ఈ చేప చిన్నదట, ఇంకా పెద్దది తెస్తాడట.

ఉంటాను మరి. వాళ్ళకి ఫోన్ చెయ్యి.