పార్కునే ఓడెక్కించిన కెప్టెన్

"నేనేదో ఘనకార్యం చేశానని చెప్పుకోవడం లేదు బావా. మా ఇంటిల్లిపాదినీ ఒక్క వరసలో నిలబెట్టాను, అంతే. చిన్న పని. ఆ చిన్న పని ఇంకెవరివల్లయినా అవుతుందేమో కనుక్కో."

కెప్టెన్ ఎప్పుడూ ఇలాగే మొదలుపెడతాడు. చిన్న పని అంటాడు, మనం కుర్చీలో సర్దుకున్నాక ఇక లేవనివ్వడు. ఆయన్ని కెప్టెన్ అని ఎందుకంటారో ఎవరికీ గుర్తులేదు. ఆయన్నే అడిగితే నెలకో కారణం చెబుతాడు. బజారు చివర రంగులూ నిచ్చెనలూ అమ్మే కొట్టు ఆయనది. పై అరలో ఉన్న రంగు అడిగితే, ఈ ఏడాది ఆ రంగు ఎవరూ వేయించుకోవడం లేదండీ అని చెప్పి కింది అరలోది అంటగడతాడు. మధ్యాహ్నం బేరాలు పల్చబడగానే అక్క మొగుడి టైలరు షాపుకొచ్చి బల్ల మీద చేరతాడు.

ఆ రోజు షాపులో ఎటు చూసినా పసుపుపచ్చ గుడ్డే. వాళ్ళ కుటుంబమంతా, పిల్లాజెల్లాతో కలిపి ఇరవైమందికి పైనే, మొట్టమొదటిసారి విమానమెక్కి పైదేశంలో ఉన్న పెద్ద థీమ్ పార్కుకి వెళ్ళాలనుకుంటున్నారు. అంత గుంపులో ఎవరూ తప్పిపోకుండా అందరికీ ఒకే రంగు చలికోట్లు కుట్టించాలన్నది వాళ్ళమ్మ ఆలోచన. ప్రయాణం పనులన్నీ కెప్టెన్ చెల్లెలు చూస్తోంది. ఎంతమంది వస్తున్నారో ఈ సాయంత్రంలోగా తేల్చి చెప్పమని టూర్ ఆఫీసువాళ్ళు ఆమె ప్రాణం తీస్తున్నారు. తేలనిది ఒక్కటే. పెద్దకొడుకు రాకపోతే నేనూ రానని అమ్మ భీష్మించుకుంది. అమ్మ లేకుండా మేం కదలమని మిగతావాళ్ళు. ఆ పెద్దకొడుకు కెప్టెనే. రెండు నెలలుగా ఔననడు, కాదనడు. చెల్లెలు షాపుకి ఫోన్ చేసి కనుక్కుంటానని కబురంపింది.

అమ్మ అక్కడే ఉంది. ఇస్త్రీ బల్ల పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని అల్లుడికి సాయంగా గుండీలు కుడుతోంది. నేను బడిలో పాఠాలు చెప్పుకునేవాణ్ణి, నడుం దగ్గర కాస్త వదులు చేయమని ఇచ్చిన ప్యాంటు కోసం వచ్చాను. రిటైరైన బస్సు డ్రైవరు ఒకాయన గుమ్మంలో టీ తాగుతున్నాడు. ఆయన ఏ గుడ్డా కుట్టించుకోడు, ఈ మాటలు వినడానికే వస్తాడు.

"వరస సంగతి చెప్పు," అన్నాడు బావ, టేపు తీసుకుని లేస్తూ. "చెబుతూ కాస్త చెయ్యెత్తు. నీ ఒక్కడి కొలతే మిగిలింది."

"కొలతకేం తొందర, నా ఒళ్ళెక్కడికీ పారిపోదు. మాస్టారూ, మీరు వినండి. ఆ పార్కులో ఒక్కో బండి ఎక్కడానికి గంటలకొద్దీ వరసలో నిలబడాలట. మావాళ్ళు బాత్‌రూమ్ ముందే ఇద్దరు కుదురుగా నిలబడరు. అందుకని ఆదివారం పొద్దున్నే రిహార్సలు పెట్టాను. డాబా మెట్ల మీద పైనుంచి గేటుదాకా నిలబెట్టి, పెళ్ళాలతో మాట్లాడకూడదు, పిల్లల్ని గిల్లకూడదు అని చెప్పాను. వరస చివర మా ఆవిడ. దారిన పోతున్న పాలాయన చూశాడు. ఇక్కడేమిస్తున్నారు అని అడిగాడా? అడగలేదు. గమ్మున వచ్చి మా ఆవిడ వెనక నిలబడ్డాడు. అదీ నేను కట్టిన వరస అంటే. ఆయన వెనక ఇంకొకాయన, ఆయన వెనక ఆ వీధంతా. మధ్యాహ్నానికి వరస బజారు దాటింది, మార్కెట్టు దాటింది, స్టేషను దాటింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బస్సొకటొచ్చి వరసలో నిలబడింది."

"ఏ రూటు బస్సు?" అన్నాడు డ్రైవరు.

"నీ రూటుదే అన్నా. నువ్వు దిగిపోయాక దాన్ని అడిగేవాళ్ళు లేక అలా తిరుగుతోంది. బస్సు వెనక మళ్ళీ మనుషులు. వరస పక్క ఊళ్ళోకి పోయింది. అక్కడ చివర్న నిలబడ్డ ఓ కుర్రాడికీ ఓ పిల్లకీ మాట కలిసింది, మాట కలిసి మనసు కలిసింది, ముందువాళ్ళూ వెనకవాళ్ళూ పెద్దలుగా నిలబడి పెళ్ళి చేసేశారు. వాళ్ళు మా గేటు దగ్గరకొచ్చేసరికి వాళ్ళబ్బాయి చేతిలో స్కూలు సంచి. ఎవరైనా నిలబడ్డ చోటు వదిలారా? వదల్లేదు. అమ్మా, అవునా కాదా?"

"ఊఁ," అంది అమ్మ, పళ్ళతో దారం తెంపుతూ.

"ఆదివారం ఒక్కరోజులో అబ్బాయి స్కూలుకెళ్ళాడా?" అన్నాన్నేను. మాస్టారు బుద్ధి ఎక్కడికి పోతుంది.

"మీలాంటి చదువుకున్నవాళ్ళతో ఇదే చిక్కు మాస్టారూ. వరసలో నిలబడ్డవాడికి ఆదివారమేంటి, బుధవారమేంటి. సరే, వరస వచ్చేసింది, ఇక విమానం. మావాళ్ళలో ఒక్కడు కూడా విమానం మొహం ఎరగడు. హాల్లో ఉన్న కుర్చీలన్నీ వరసగా వేశాను. నా బెల్టులూ పిల్లల స్కూలు బెల్టులూ కలిపి అందరినీ కుర్చీలకు బిగించేశాను. నాలుగు ఫ్యాన్లు ఫుల్లులో పెట్టాను. మా ఆవిడ చక్రాల బల్ల తోసుకుంటూ మంచినీళ్ళిస్తోంది. నేను ముందు కూర్చున్నాను, పైలట్‌ని. ఎంత నిష్ఠగా కూర్చున్నామంటే, కాస్సేపటికి కడుపులో ఏదో తేలినట్టయింది. చూద్దును కదా, హాలు లేచింది."

"లేచిందా?" అన్నాడు బావ. టేపు చంకలోకి దూర్చబోయాడు. కెప్టెన్ చెయ్యి బిగించేసి ఇటు తిరిగాడు.

"లేవడమంటే అలా ఇలా కాదు. పైవాటాలో అద్దెకుండే ఆయన చెప్పులేసుకుని పరుగెత్తుకొచ్చాడు, ఏమండీ, మీ కప్పు మా కుర్చీల్ని కుమ్ముతోంది అని. పైకొచ్చాడనాలో కిందికొచ్చాడనాలో, అప్పటికి ఏది పైనో ఏది కిందో ఎవరికి తెలుసు. కిటికీలోంచి చూస్తే మన బజారు ఇంత. ఈ షాపైతే కనపడనే లేదు, ఏమీ అనుకోకు బావా. దారిలో మబ్బొకటి కిటికీలోంచి లోపలికొచ్చి సోఫా మీద కూర్చుంది. లెమ్మంటే లేవదు. ఆ సోఫా ఇంకా తడిగానే ఉంది, కావాలంటే వచ్చి ముట్టుకుని చూడు."

"అది చంటాడు తడిపాడని మీ అక్క చెప్పిందే."

"చంటాడు తడిపింది దాని పక్క సోఫా. మాట మధ్యలో అడ్డురాకు. ఇంటిని దించడానికి ఎంత అవస్థపడ్డానో ఆ దేవుడికి తెలుసు. మళ్ళీ అదే పునాదిలో, అంగుళం తేడా లేకుండా దించాను. అమ్మ చేతిలో కాఫీ తొణకలేదు. అమ్మా, తొణికిందా?"

"ఊహూఁ," అంది అమ్మ. ఇంకో కోటు ఒళ్ళోకి లాక్కుంది.

డ్రైవరు ఇంకో టీ చెప్పాడు, నాకు కూడా. ప్యాంటు ఎప్పుడో అయిపోయి మేకుకి వేలాడుతోంది. ఇప్పుడు లేస్తే బాగుండదని నాకు నేనే చెప్పుకున్నాను, నిజానికి లేవాలని లేదు.

"ఇంతకీ అసలు సంగతి చెప్పలేదు," అన్నాడు కెప్టెన్, బల్ల మీద ముందుకు జరిగి. "ఆ పార్కులో గుండెలు జారిపోయే బండొకటి ఉందట, పట్టాల మీద పైకెక్కి ఒక్కసారి కిందికి దూకేది. మావాళ్ళకి దాన్ని అలవాటు చెయ్యాలా వద్దా? కొట్లో ఉన్న నిచ్చెనలన్నీ తెచ్చాను. ఒకదాని చివర ఒకటి కట్టి డాబా మీంచి పట్టాలేశాను. చక్రాల మంచం పైకెక్కించాను. అందరూ మంచమెక్కారు. ముందు నేను, రెండు చేతులూ గాల్లోకెత్తి."

"ఏదీ, అలాగే ఒకసారి ఎత్తి చూపించు బామ్మర్దీ," అన్నాడు బావ.

కెప్టెన్ ఎత్తబోయిన చేతులు టేపుని చూసి ఒళ్ళో పెట్టేసుకున్నాడు.

"కదిలింది మంచం. గేటు దాటింది. బార్బరు షాపు ముందు నుంచి పోయాం, లోపల సగం గడ్డం గీయించుకున్నాయన మిగతా సగం మా గాలికే రాలిపోయింది. ఆఫీసులో గుమాస్తా కాగితం మీద ముద్ర వేస్తున్నాడు, ఆ ముద్ర వచ్చి మా చిన్నతమ్ముడి నుదుటి మీద పడింది. వాడు వారం రోజులు టోపీ పెట్టుకునే తిరిగాడు. నిచ్చెనలు అయిపోయాయి. అయిపోతే? మంచానికి చెప్పామా ఆగమని? కొండెక్కింది, కొండ చివర తలకిందులైంది. నా జేబులో పెన్ను ఆకాశంలోకి జారిపోయింది, ఇంతవరకూ కిందికి రాలేదు. నేనెప్పుడు బయటికొచ్చినా తలెత్తి చూసుకుంటూ ఉంటాను."

డ్రైవరు నిజంగానే ఒకసారి తలెత్తి చూశాడు.

"ఈ సంగతి సముద్రాలు దాటింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పార్కు యజమాని స్వయంగా వచ్చాడు. మా గుమ్మంలో కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అయ్యా కెప్టెన్‌గారూ, మీకు దణ్ణం పెడతాను, మీరు మా పార్కుకి రాకండి. మీ ఇంట్లో పిల్లవాడు మా బండెక్కి ఆవలించాడంటే మళ్ళీ మా గేటు తొక్కేవాడుండడు, నేను పెళ్ళాంబిడ్డలు గలవాణ్ణి అన్నాడు. నాకు జాలేసింది. కానీ మావాళ్ళు ఆశపడ్డారే అన్నాను. దానికాయన, మీరు రావడం దేనికండీ, పార్కే మీ దగ్గరికొస్తుంది అన్నాడు. అన్నవాడు అన్నట్టే చేశాడు. పార్కంతా విప్పదీసి ఓడలకెక్కించాడు. ఆ బరువుకి సముద్రం జానెడు లేచిందట. తిమింగలాలు పక్కకి తప్పుకుని దారిచ్చాయట."

"మన బజారు చుట్టుపక్కల సముద్రం లేదు కదా," అన్నాడు డ్రైవరు మెల్లిగా.

"పంపిస్తున్నాడు. సముద్రం ముందొస్తుంది, పార్కు వెనకొస్తుంది."

బావ నవ్వలేక మిషను మీద తల పెట్టేశాడు. నేనూ నవ్వాను, టీ ముక్కుల్లోకి పోయింది. కెప్టెన్ మాత్రం నవ్వలేదు. గొంతు కాస్త తగ్గించాడు.

"కాబట్టి నే చెప్పొచ్చేదేమిటంటే, ఈ పరుగులన్నీ దేనికి? వచ్చేదాని కోసం ఎదురెళ్ళడం దేనికి? నా సంగతి వదిలెయ్యి, నాకు ఎగరడం మంచినీళ్ళ ప్రాయం. నా బాధంతా అమ్మ గురించే. ఈ వయసులో, ఎత్తంటే భయం ఆవిడకి, పాపం. మనసులో ఉన్నా పైకి చెప్పుకోదు. అమ్మని ఇబ్బంది పెట్టి నేను సరదాపడతానా? చెల్లి ఫోన్ చేస్తే అదే చెబుతాను, ఈసారికి మానుకుందామని. ఏమంటావమ్మా?"

ఈసారి అమ్మ ఊఁ కొట్టలేదు. సూదిని దారపుండకి గుచ్చి పక్కన పెట్టింది. నన్ను చూసి మాట్లాడింది, కొడుకుని కాదు.

"పోయినేడు ఊరి బయట జెయింట్ వీల్ వచ్చింది కదా మాస్టారూ. మా అందరినీ పోగుచేసి తీసుకెళ్ళింది వీడే. టిక్కెట్లు కొన్నది వీడే. చెప్పులు జారి పడతాయంటే అందరం విప్పేసి ఎక్కాం, నేను కూడా ఎక్కాను. పైకెళ్ళాక కిందికి చూద్దును కదా, మా అందరి చెప్పులూ ముందేసుకుని వీడొక్కడూ నిలబడున్నాడు. ఎక్కరా అంటే, చెప్పులు పోతాయి, నేను చూసుకుంటానన్నాడు."

"ఎవరో ఒకరు ఉండాలి కదమ్మా," అన్నాడు కెప్టెన్. ఆ గొంతు నేనెప్పుడూ విన్నది కాదు.

"అంతమందిలో, పైనుంచి ఎలా ఉంటుందో చూడనివాడు వీడొక్కడే. నాకది పట్టుకుంది." ఇప్పుడు కొడుకు వైపు తిరిగింది. "నువ్వు రాకపోతే నేను రానన్నది భయపడి కాదురా. నా కోసమైనా ఎక్కుతావనుకున్నాను. నువ్వేమో ఆ మాట పట్టుకుని అమ్మకి భయం, అమ్మకి భయం అని బజారంతా చాటుతున్నావు. భయం నాకూ ఉంది. ఉన్నా వెళ్ళాలని ఉంది, చాలా ఉంది. జన్మంతా మిమ్మల్ని ఎక్కించి కింద నిలబడ్డదాన్ని, ఇప్పుడు నేను పైన కూర్చుంటాను. నీ భయం నీ దగ్గరుంచుకో. దానికి నా పేరు పెట్టకు."

డ్రైవరు గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. అప్పుడే బల్ల మీద బావ ఫోన్ మోగింది. అల్లుడు అందుకోబోతే అమ్మే అందుకుంది.

"ఆఁ, నేనే. నేనొస్తున్నాను, రాసుకో. మీ అన్నయ్య రాకపోయినా వస్తున్నాను. వాడి సంగతి వాడే చెబుతాడు, ఉండు."

ఫోన్ కొడుకు నోటి దగ్గర పెట్టింది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"చెల్లీ, విషయం ఏమిటంటే, ఆ పార్కు యజమాని స్వయంగా మనింటికి..."

అమ్మ ఫోన్ వెనక్కి తీసుకుంది. "ఒక్క ముక్కలో చెప్పు. వస్తున్నావా, లేదా?"

కెప్టెన్ బావ వైపు చూశాడు, డ్రైవరు వైపు చూశాడు, నా వైపు చూశాడు. మేమెవరం సాయం రాలేదు.

"భయంగా ఉందమ్మా," అన్నాడు.

"తెలుసు. నా పక్కన కూర్చో. కళ్ళు మూసుకుని, దిగేదాకా ఇలాగే కోతలు కొయ్యి. నేను ఊఁ కొడతాను."

ఆయన బావ వైపు తిరిగి, కొలతకి చెయ్యెత్తాడు.

"వస్తా," అన్నాడు.

అమ్మ ఫోన్ చెవికి పెట్టుకుంది. "విన్నావుగా అమ్మాయ్? మాట మార్చేలోగా రాసేసుకో."